వంద వాట్ల డబ్బా ఎంత మోగుతుంది? మీకు తెలుసా?

అజీజ్‌నగర్ నుంచి చిలుకూరు దాకా మొయినాబాద్ మండలంలో ఇంజనీరింగ్ కాలేజీలు వరసగా ఉన్నాయి. ప్రతి కాలేజీకీ ఒక వార్షికోత్సవం, ప్రతి వార్షికోత్సవానికీ ఒక కుర్ర బ్యాండు. శనివారం రాత్రి ఫాంహౌస్‌లలో పాటలు, ముహూర్తాల రోజుల్లో చేవెళ్ల వరకూ ఫంక్షన్ హాళ్లలో ఆర్కెస్ట్రాలు, ఆదివారం పొద్దున చర్చిల్లో పాటల బృందాలు. వీటన్నిటిలో అందరికన్నా చివర గుర్తొచ్చేవాడు బేస్ గిటార్ వాయించే కుర్రాడు. కీబోర్డుకీ డ్రమ్స్‌కీ మైకులకీ పోగా మిగిలిన డబ్బుతో వాడికి యాంప్లిఫయర్ డబ్బా, అంటే యాంప్, కొంటారు. చేవెళ్లలో బస్సెక్కి మెహిదీపట్నంలో దిగి, అక్కణ్నుంచి కోఠి వెళ్లి, అంగట్లో అడిగే మొదటి ప్రశ్న "ఎన్ని వాట్లు?" చిన్న బడ్జెట్‌కు దెబ్బ తగిలేది ఈ ప్రశ్న దగ్గరే. ఆ డబ్బు విలువ తెలిసినవాడిగా, కొనబోయేవారికి తెలియాల్సిన సంగతులు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

★ వాట్లు రెట్టింపైతే మోత రెట్టింపు కాదని మీకు తెలుసా?

50 వాట్ల యాంప్ పక్కన 100 వాట్లది పెడితే పెరిగేది 3 డెసిబెళ్లు. శ్రద్ధగా వింటే "కొంచెం పెరిగింది" అనిపించేంత తేడా. మన చెవికి మోత రెట్టింపైనట్టు తోచాలంటే సుమారు 10 డెసిబెళ్లు పెరగాలి, అంటే పదింతల వాట్లు కావాలి. 25 వాట్ల డబ్బా మోతకు రెట్టింపు మోత కావాలంటే 250 వాట్లు, నాలుగింతలు కావాలంటే 2,500 వాట్లు. అంగట్లో 40 వాట్లదానికీ 60 వాట్లదానికీ మధ్య వేల రూపాయల తేడా చెబితే ఆ లెక్క గుర్తు తెచ్చుకోండి. ఆ రెంటి మధ్య తేడా రెండు డెసిబెళ్లు కూడా లేదు.

★ డబ్బా మీద రాసిన వాట్లు అన్నీ ఒక జాతివి కావు.

మన ఇళ్లలోకి టేప్ రికార్డర్లు, హోమ్ థియేటర్లు వచ్చిన రోజుల నుంచీ 'పీఎంపీవో' అనే మాట అట్టపెట్టెల మీద చూస్తున్నాం. సెకనులో ఏదో చిన్న భాగంపాటు ఎగసే శిఖరాన్ని లెక్కగట్టి వేసే అంకె అది. దానికి అందరూ ఒప్పుకున్న ప్రమాణమంటూ లేదు. అందుకే అరచేతిలో పట్టే పెట్టె మీద కూడా వేల వాట్లు కనిపిస్తాయి. అడగాల్సింది ఆర్‌ఎంఎస్ వాట్లు, అంటే ఆగకుండా ఇవ్వగలిగిన శక్తి. దానితోపాటు ఇంకో మాట అడగాలి: ఆ అంకె ఎంత వక్రీకరణ దగ్గర కొలిచింది? శబ్దం ఒక శాతం చెడినప్పుడు కొలిచిన వాట్లు వేరు, పది శాతం చెడేదాకా తోసి కొలిచిన వాట్లు వేరు. రెండోది పెద్ద అంకె. అమ్మేవాడికి అదే ఇష్టం.

బ్యాటరీతో నడిచే ట్రాలీ స్పీకర్ కొనేవారికి ఇంకా తేలికైన పరీక్ష ఉంది. లోపల ఉండే బ్యాటరీ చాలావాటిలో 12 వోల్టులు, 7 ఆంపియర్ అవర్. రెండూ గుణిస్తే 84 వాట్ అవర్లు. ఒకసారి చార్జి చేస్తే నాలుగు గంటలు మోగుతుందని అంగడివాడు చెప్పాడనుకోండి. 84ను నాలుగుతో భాగించండి. 21 వాట్లు. ఇందులో కొంత వేడిగా కూడా పోతుంది. మీద వెయ్యి వాట్లని రాసి ఉన్నా, లోపల ఉన్న సరుకు సగటున అంతే. పుల్లల పొయ్యి మీద ఎంత పెద్ద గుండిగ పెట్టినా, ఉడికేది పొయ్యిలో ఉన్న కట్టెలకు తగ్గట్టే కదా.

★ 25 వాట్లు 100 వాట్లతో సమానంగా మోగగలవు.

స్పీకరుకు 'సెన్సిటివిటీ' అని ఒక అంకె ఉంటుంది. ఒక్క వాటు ఇచ్చి, ఒక మీటరు దూరంలో నిలబడి కొలిస్తే ఎన్ని డెసిబెళ్లు వస్తాయో చెప్పే అంకె. 92 ఉన్న స్పీకరుకు 100 వాట్లు ఇస్తే 112 డెసిబెళ్లు. 98 ఉన్న స్పీకరుకు 25 వాట్లు ఇచ్చినా అదే 112. వాట్ల గురించి పెట్టె నాలుగు వైపులా రాస్తారు. ఈ అంకెను మాత్రం వెతికి పట్టుకోవాలి.

★ ఒకే యాంప్‌కు రెండు రకాల వాట్లు ఉంటాయి.

ఫెండర్ కంపెనీ రంబుల్ వరసలో '500' అని ఒకటి ఉంది. అందులో ఉన్న స్పీకర్లతో మాత్రమే వాయిస్తే వచ్చేది 350 వాట్లు. బయట ఇంకో స్పీకర్ పెట్టె తగిలిస్తేనే 500 అవుతుంది. అదే వరసలో '200' అన్నది లోపలి స్పీకర్‌తో 140 వాట్లే. ఆ కంపెనీ ఇందులో దాచిందేమీ లేదు, వివరాల్లో అచ్చు వేసే చెబుతుంది. కారణం ఓమ్‌లు, అంటే కరెంటుకు స్పీకర్ పెట్టే అడ్డు లెక్క. 8 ఓమ్‌ల స్పీకర్ పక్కన ఇంకో 8 ఓమ్‌లది సమాంతరంగా కలిపితే మొత్తం 4 ఓమ్‌లవుతుంది. అడ్డు తగ్గితే కరెంటు ఎక్కువ పారుతుంది, యాంప్ పూర్తి బలం అప్పుడు బయటికి వస్తుంది. అందుకని "ఎన్ని వాట్లు?" అన్న ప్రశ్నను "ఎన్ని ఓమ్‌ల దగ్గర ఎన్ని వాట్లు?" అని మార్చుకోండి. ఓమ్‌లు తగ్గేకొద్దీ మంచిదే కదా అని యాంప్ మీద రాసిన కనీస అంకె కన్నా కిందికి వెళితే, అది కాలిపోవచ్చు.

★ బేస్ గిటార్ లావు తీగ సెకనుకు 41 సార్లే కంపిస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది.

నాలుగు తీగల బేస్‌లో అన్నిటికన్నా కిందిది ఈ లావు తీగ పలికే 'ఈ' (E) స్వరం, 41.2 హెర్ట్జ్. అన్నిటికన్నా పై తీగ జీ, 98 హెర్ట్జ్. ఐదు తీగల బేస్‌లో ఇంకా దిగువన బీ ఉంటుంది, దాదాపు 31 హెర్ట్జ్. స్వరం సగానికి దిగితే, అదే మోత ఇవ్వడానికి స్పీకర్ కోన్ నాలుగింతల దూరం ముందుకీ వెనక్కీ కదలాలి. ఆ లెక్కన జీ తీగకు ఒక మిల్లీమీటరు కదిలే కోన్, అదే మోతతో 'ఈ' (E) తీగ మోగించాలంటే ఐదున్నర మిల్లీమీటర్లకు పైగా కదలాలి. చిన్న స్పీకర్‌లో అంత చోటుండదు. వాట్లు మిగిలే ఉన్నా కోన్ హద్దు దాటి టపటపా కొట్టుకుంటుంది.

అందుకే స్పీకర్ సైజు చూడాలి. 8 అంగుళాల కోన్ కన్నా 10 అంగుళాలది వైశాల్యంలో ఒకటిన్నర రెట్లకు పైన. 15 అంగుళాలది పదికి రెండుంపావు రెట్లు. రెండు పది అంగుళాల స్పీకర్లున్న పెట్టె దాదాపు ఒక పదిహేనుకు సాటి. పెట్టె పరిమాణం కూడా ముఖ్యమే. లౌడ్‌స్పీకర్లు తయారుచేసేవారు హాఫ్‌మన్ ఇనుప సూత్రం అని ఒకటి చెబుతారు. పెట్టె చిన్నగా ఉండాలి, స్వరం లోతుగా దిగాలి, తక్కువ వాట్లకే గట్టిగా మోగాలి. ఈ మూడింట్లో రెండే దొరుకుతాయి. మూడూ ఇస్తామన్న ప్రకటన కనిపిస్తే పేజీ తిప్పేయండి.

★ డప్పుకు వాట్లు లేవు. అయినా పక్క ఊరికి వినిపిస్తుంది.

మంట దగ్గర కాచి బిగించిన తోలు, చేతిలో సిర్ర, సిటికెన పుల్ల. ఇంతే సరంజామా. బోనాల రోజున ఆ దెబ్బ పొలాలు దాటి వినిపిస్తుంది. దాని పక్కన బేస్ గిటార్‌ను నిలబెట్టాలంటే వందల వాట్లు కావాలి. ఈ తేడా పరికరాల్లో ఎంత ఉందో మన చెవిలో అంత ఉంది. 1933లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ఈ సంగతి కొలిచి చూపించారు. మనిషి చెవి కింది స్వరాలకు మందం. ఇప్పటి అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం, 1000 హెర్ట్జ్ దగ్గర 40 డెసిబెళ్లున్న శబ్దం ఎంత గట్టిగా తోస్తుందో, 40 హెర్ట్జ్ దగ్గర అంతే తోచాలంటే సుమారు 83 డెసిబెళ్లు కావాలి. డప్పు చరుపులోని పదును చెవికి బాగా పట్టే స్థాయిల్లో పడుతుంది. బేస్ లావు తీగ చెవికి అందని అడుగున పడుతుంది. అదే స్టేజి మీద గిటారిస్టు 30 వాట్లతో హాయిగా వాయిస్తుంటే, బేసిస్టు 100 వాట్లు పెట్టుకుని కూడా "నాకు నేనే వినబడట్లేదు" అనడం వాడి తప్పు కాదు.

★ లేని స్వరాన్ని మెదడు వింటుంది.

ఫోన్ స్పీకర్‌లో పాట పెట్టండి. ఆ గింజంత స్పీకర్ 41 హెర్ట్జ్ పలకలేదు. అయినా బేస్ నడక మీకు తెలుస్తూనే ఉంటుంది. తీగ మోగినప్పుడు మూల స్వరంతో పాటు దానికి రెట్టింపు 82, మూడింతలు 123, ఇలా పై అంతరాలూ మోగుతాయి. అవి వినిపిస్తే చాలు, మూలం ఏమిటో మెదడు పూరించుకుంటుంది. చవక యాంప్‌లు బతికేది ఈ వరం మీదే. 8 అంగుళాల స్పీకర్ అసలు 'ఈ' (E) స్వరాన్ని కొంచెమే ఇస్తుంది, 82 హెర్ట్జ్ దగ్గర నుంచి బాగా ఇస్తుంది. సాధనకు అది చాలు.

★ బేస్ మీట వాట్లను మింగేస్తుంది.

వినబడకపోతే మనం మొదట చేసే పని బేస్ మీట కుడివైపు తిప్పడం. ఆ మీట కింది స్వరాలను 6 డెసిబెళ్లు పెంచితే, ఆ స్వరాల దగ్గర యాంప్ నాలుగింతల శక్తి ఇవ్వాలి. 10 డెసిబెళ్లు పెంచితే పదింతలు. అంటే 100 వాట్ల యాంప్ కొని, బేస్ మీట చివరిదాకా తిప్పినవాడు తన సొమ్మును 10 వాట్ల యాంప్‌గా మార్చుకున్నట్టే. మధ్య స్వరాలను పెంచే మిడ్ మీట కొంచెం పెంచి, బేస్ మీట మధ్యలోకి తెచ్చి చూడండి. ఒంటరిగా వాయిస్తే ఆ ధ్వని కాస్త ముక్కుతో పాడినట్టు ఉంటుంది. డ్రమ్స్, కీబోర్డు కలిశాక మీ వేళ్లు విడిగా వినిపిస్తాయి. పైసా ఖర్చు లేని ఉపాయం ఇది. కొత్త యాంప్ కొనాలనుకునే ముందు ఒక వారం ఇది చేసి చూడమని నేను అందరికీ చెబుతాను.

★ వాల్యూమ్ మీట సగంలోనే దద్దరిల్లితే యాంప్ బలమైనదనుకోకండి.

చాలా యాంప్‌లలో మీట సగం దాటేసరికే పూర్తి బలం బయటికి వచ్చేస్తుంది. మిగతా సగంలో పెరిగేది వక్రీకరణే. మీట మొదట్లోనే గట్టిగా పలికేలా చేయడం తయారీదారు చేతిలో పని.

★ కోఠి అంగట్లో సింహంలా గర్జించింది మొయినాబాద్ లాన్‌లో పిల్లి ఎందుకవుతుంది?

ఈ సంగతి తెలియక మోసపోయినవారే ఎక్కువ. అంగడివాడు మోసం చేశాడని తిట్టుకుంటారు గాని, అక్కడ జరిగింది భౌతికశాస్త్రం.

లావు 'ఈ' (E) తీగ అల పొడవు 8 మీటర్లకు పైన, దాదాపు 27 అడుగులు. అంగడి గది ఏ పదో పన్నెండో అడుగులు. అంత పెద్ద అల ఆ గదిలో పట్టదు. అందుకని స్పీకర్ కదిలినప్పుడల్లా గదిలోని గాలి మొత్తం ఒత్తుకుని వదులుతుంది, సైకిల్ పంపులో గాలిలాగా. పైగా ఆ డబ్బా మూలన పెట్టి ఉంటుంది. నేల, రెండు గోడలు కింది స్వరాలను వెనక్కి పోనివ్వకుండా మీ వైపే తిప్పుతాయి. మీరు నిలబడేది నాలుగడుగుల దూరంలో. పొట్టలో అదురు పుట్టిందంటే అందులో యాంప్ గొప్పతనం కొంత, గది గొప్పతనం చాలా ఉంది.

ఇప్పుడు ఫాంహౌస్ లాన్‌కు రండి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల కోసం 1996లో వచ్చిన 111 జీవో 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేసింది. మొయినాబాద్ చుట్టుపక్కల విశాలమైన ఖాళీ జాగాలు అన్నేళ్లు మిగలడానికి అదొక పెద్ద కారణం. పాటకు మాత్రం ఆ ఖాళీ కష్టమే. గోడల్లేవు, పైకప్పు లేదు. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెళ్లు పోతాయి. మీటరు దూరంలో 110 ఉంటే రెండు మీటర్ల దగ్గర 104, నాలుగింటికి 98, ఎనిమిదింటికి 92. పదహారు మీటర్ల దూరపు కుర్చీలో కూర్చున్న పెద్దాయనకు అందేది 86. అది కూడా అన్ని స్వరాలూ కలిపిన లెక్క. లావు తీగ దగ్గర చెవి మందం సంగతి ముందే చెప్పాను.

దీనికి మందు కొంత మన చేతిలోనే ఉంది. ఆరుబయట యాంప్‌ను ప్లాస్టిక్ బల్ల మీదికి ఎత్తకండి, నేల మీదే ఉంచండి. కాంపౌండ్ గోడ ఉంటే దానికి ఆనించండి. ముందుభాగం కింద చిన్న చెక్కముక్క పెట్టి కొంచెం వెనక్కి వంచండి. మామూలుగా ఆ స్పీకర్ మీ మోకాళ్లకు పాడుతుంటుంది. చెవి వైపు తిప్పితే సగం వాల్యూమ్‌కే మీకు మీరు వినిపిస్తారు. పై అంతరాలు గురి పెట్టినట్టు తిన్నగా వెళతాయి, కింది స్వరాలు ఎటు తిప్పినా అన్ని వైపులకూ పరుచుకుంటాయి.

అంగట్లో వినేటప్పుడు కూడా మొహమాటపడకండి. "అన్నా, మూలన ఉన్నదాన్ని మధ్యలోకి జరుపు" అని అడగండి. స్నేహితుణ్ని వాయించమని, మీరు గుమ్మం దాటి వీధిలోకి వెళ్లి వినండి. బయట వినిపించేది మీరు కొనబోయే సరుకుకు ఇంకొంచెం దగ్గర.

★ 1952లో బేస్‌కు 26 వాట్లు సరిపోయాయి.

లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్ తెచ్చాడు. మరుసటి ఏడు దానికోసం బేస్‌మన్ యాంప్ తెచ్చాడు. 15 అంగుళాల స్పీకర్, సుమారు 26 వాట్లు. 1969కి వచ్చేసరికి రాక్ బృందాలు స్టేడియాల్లో వాయిస్తున్నాయి. ఆ ఏడాది ఆంపెగ్ కంపెనీ 300 వాట్ల ఎస్‌వీటీ తెచ్చింది. తల, అంటే స్పీకర్లు లేని యాంప్ భాగం, ఒక్కటే ముప్పై కిలోలు దాటిన బరువు, కింద ఎనిమిది పది అంగుళాల స్పీకర్లతో మనిషి ఛాతీ దాకా వచ్చే పెట్టె. దానికి ఫ్రిజ్ అని ముద్దుపేరు. వాట్లు పన్నెండింతల దాకా పెరిగాయి గాని, వాటి వల్ల మాత్రమే పెరిగింది 10 డెసిబెళ్ల పైచిలుకు. స్టేడియాన్ని నింపడంలో ఎనిమిది కోన్‌ల వాటా పెద్దది.

★ పోలీసు మీటరులో బేస్ కనిపించేది తక్కువ, పక్కింటి గోడకు తెలిసేది ఎక్కువ.

శబ్దకాలుష్య నియంత్రణ నిబంధనలు 2000లో వచ్చాయి. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు పరిమితి. రాత్రంటే పది నుంచి పొద్దున్నే ఆరు దాకా. ఆ వేళల్లో మూసి ఉన్న హాళ్లలో తప్ప ఆరుబయట సౌండ్ సిస్టం గాని వాయిద్యం గాని వాడకూడదు. ఫాంహౌస్ లాన్ మూసి ఉన్న హాలు కాదు. ఆసుపత్రులు, పాఠశాలలు, కోర్టుల చుట్టూ వంద మీటర్ల దాకా నిశ్శబ్ద మండలంగా ప్రకటించే వీలుంది. అక్కడ పరిమితి ఇంకా తక్కువ, పగలు 50, రాత్రి 40.

ఈ అంకెలన్నీ 'ఎ' తూకంలో కొలిచినవి. చెవి మందాన్ని అనుకరిస్తూ ఆ తూకం 40 హెర్ట్జ్ దగ్గర దాదాపు 35 డెసిబెళ్లు తీసేస్తుంది. మీటరులో అంకె చిన్నగానే ఉంటుంది. కిటికీ అద్దాలు మాత్రం గడగడలాడతాయి, ఎందుకంటే కింది స్వరాలు గోడల్ని తేలిగ్గా దాటుతాయి. చిలుకూరులో మృగవని జాతీయ వనం ఉంది, 3.6 చదరపు కిలోమీటర్ల అడవి. అందులో జింకలున్నాయి, నెమళ్లున్నాయి. వాటికి మన శనివారం సంగతి తెలియదు. పదింటికి యాంప్ కట్టేయడం వాటికి మనమివ్వాల్సిన మర్యాద అని నేను నమ్ముతాను.

వాయించేవారి చెవికీ లెక్క ఉంది. 85 డెసిబెళ్లను రోజుకు ఎనిమిది గంటలు భరించవచ్చని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ చెబుతుంది. 3 పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గర మిగిలేది పావుగంట. గదిలో డ్రమ్ సెట్ పక్కన నిలబడితే ఆ 100 ఇట్టే వచ్చేస్తుంది.

★ అయితే ఎన్ని వాట్లు కొనాలి?

నా అభిప్రాయం చెబుతాను. ఇంట్లో సాధనకు 25 చాలు. డ్రమ్స్‌తో చిన్న గదిలో వాయించాలంటే 100కు తగ్గొద్దు, స్పీకర్ కనీసం 12 అంగుళాలు ఉండాలి. లాన్ మీద మైకుల సాయం లేకుండా మీ యాంప్ ఒక్కటే నలుగురికీ వినిపించాలంటే 300 నుంచి 500 వాట్లు, కనీసం రెండు పది అంగుళాల స్పీకర్లు. కానీ ఈ మూడోది కొనకండి. ఫంక్షన్ హాల్లోనూ కాలేజీ స్టేజి మీదా ఎలాగూ పెద్ద స్పీకర్లు అద్దెకు వస్తాయి. జనానికి వినిపించే పని వాటిది. మీ యాంప్ పని మీకు వినిపించడం. అందుకు కావాల్సింది యాంప్ వెనక ఒక ఎక్స్‌ఎల్‌ఆర్ లైన్ అవుట్. అక్కణ్నుంచి మిక్సర్‌కు ఒక్క వైరు లాగితే 40 వాట్ల డబ్బాతో వెయ్యిమందికి వాయించవచ్చు. ఫెండర్ రంబుల్ 25లో ఆ రంధ్రం లేదు, రంబుల్ 40లో ఉంది. ఆ రెండింటి వాట్ల మధ్య తేడా 2 డెసిబెళ్లే. అదనంగా ఇచ్చే డబ్బుకు అసలు ఫలం ఆ రంధ్రం. రంబుల్ 40 బరువు ఎనిమిది కిలోల చిల్లర, బస్సులో ఒళ్లో పెట్టుకుని కూడా చేవెళ్ల చేరవచ్చు.

కోఠికి బయల్దేరే రోజున మీ గిటార్ మీరే వెంట తీసుకెళ్లండి. అంగట్లో వేలాడే గిటార్‌తో వినొద్దు. లావు తీగను వేలితో గట్టిగా లాగి, యాంప్ పగిలినట్టు పలికే చోటు ఎక్కడుందో చూసుకుని, ఆ తర్వాతే బేరం మొదలుపెట్టండి.